పెరటి తేనెపెట్టెల్లో నల్ల పెంకు పురుగు: ఉచ్చులు పెట్టినా ఎందుకు పోదు?

క్లుప్తంగా

తేనెపెట్టెల్లో చేరే చిన్న పెంకు పురుగు నిండుగా తేనెటీగలున్న కుటుంబాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. ఈగల కాపలా అందని తుట్టె దొరికినప్పుడే అది గుడ్లు పెట్టి పెట్టెను పాడుచేస్తుంది. నూనె ఉచ్చులు పెద్ద పురుగుల్ని తగ్గిస్తాయి కానీ తుట్టెలోని గుడ్ల జోలికి, నేలలో దాగిన ప్యూపాల (లార్వాకూ పెద్ద పురుగుకూ మధ్య దశ) జోలికి పోలేవు. ఈగల సంఖ్యకు తగిన చోటు, పెట్టెను ఎంత తరచుగా తెరుస్తున్నారన్నది, తీసిన తేనెను ఎన్నాళ్లు ఉంచుతున్నారన్నది, పెట్టె కింది నేలలో తడి. పెరటి పెంపకంలో ఎక్కువగా తేడా తెచ్చేవి ఈ నాలుగే.

మూత ఎత్తగానే నాలుగైదు నల్లటి పురుగులు వెలుతురు తగిలి చెల్లాచెదురుగా పరిగెత్తి ఫ్రేముల (తుట్టె ఉండే చట్రాల) సందుల్లో మాయమవుతాయి. మొదటిసారి చూసినవాళ్లకు టెన్షన్ సహజమే. వెంటనే ఉచ్చులు తెచ్చి పెడతారు. ఉచ్చులో చచ్చిన పురుగులు తేలుతుంటే హమ్మయ్య అనుకుంటారు. కొన్ని వారాలకు అదే పెట్టె దగ్గర పుల్లటి వాసన మొదలవుతుంది, తేనె జిగటగా మారి అడుగు పలక మీదుగా కారుతుంది. చిత్రమేమిటంటే, పక్కనే ఉన్న మరో పెట్టెలో అంతకు రెట్టింపు పురుగులున్నా దానికి ఏమీ కాకపోవచ్చు. రెండు పెట్టెల మధ్య ఈ తేడా ఎందుకొస్తుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందు ఏ పురుగో తేల్చుకోవాలి

ఈ పురుగు శాస్త్రీయ నామం ఏథీనా ట్యుమిడా. కుళ్లిన పండ్ల చుట్టూ, చెట్ల రసం చుట్టూ తిరిగే పెంకు పురుగుల కుటుంబానికి చెందింది. ఇంగ్లీషులో స్మాల్ హైవ్ బీటిల్ అంటారు. పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. కొత్తగా బయటికి వచ్చినప్పుడు గోధుమ రంగులో ఉండి, తర్వాత నల్లబడుతుంది. మీసాల చివర గదలాంటి చిన్న ఉబ్బు ఉంటుంది. రెక్కల పైపెంకు పొట్టను పూర్తిగా కప్పదు, చివర కొంచెం బయటికి కనిపిస్తుంది. మరీ పెద్ద పెంకు పురుగులు కూడా ఆఫ్రికాలో తేనెపెట్టెల్లోకి దూరుతుంటాయి. మిగతా ప్రపంచంలో సమస్య మాత్రం ఈ చిన్నదే.

ఎక్కువమంది పొరబడేది పిల్ల పురుగు దగ్గర, అంటే లార్వా దగ్గర. తుట్టెలో తెల్లటి పురుగులు కనిపించగానే మైనపు పురుగు అనేసుకుంటారు. రెండింటికీ చేయాల్సిన పని వేరు కాబట్టి ఒక నిమిషం ఆగి చూడటం మంచిది. పెంకు పురుగు లార్వాను అరచేతిలో వేసుకుంటే తల వెనక మూడు జతల కాళ్లే కనిపిస్తాయి, వీపు మీద వరసగా చిన్న ముళ్లుంటాయి, ఒళ్లు గట్టిగా తగులుతుంది. మైనపు పురుగు లార్వా మెత్తగా ఉంటుంది, పొట్ట కింద కూడా బొడిపెల్లాంటి కాళ్లుంటాయి. అది పోయిన దారంతా సాలెగూడులా దారాలు అల్లుతుంది. పెంకు పురుగు లార్వా దారం అల్లదు, తుట్టెను జిగట జిగటగా చేసి వదులుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, గూడు కనిపిస్తే మైనపు పురుగు, బురద కనిపిస్తే పెంకు పురుగు.

పుట్టింట్లో చిల్లర పురుగు, బయట గండం

దీని సొంత చోటు సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికా. 1867లోనే ముర్రే అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరుపెట్టాడు. 1940లో లండీ అనే పరిశోధకుడు దక్షిణాఫ్రికాలో దీని జీవితచక్రం మీద వివరంగా రాశాడు. అక్కడి పెంపకందారులకు ఇది చిల్లర బెడదే. మహా అయితే నీరసించిన కుటుంబాల్లో, నిల్వ ఉంచిన తుట్టెల్లో కనిపించేది. 1998లో అమెరికాలోని ఫ్లోరిడాలో గుర్తించాక పరిస్థితి మారింది. యూరోపియన్ జాతి ఈగలున్న పెట్టెలు అక్కడ పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. 2002లో ఆస్ట్రేలియాలో, 2014లో ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో, ఆ తర్వాత బ్రెజిల్, దక్షిణ కొరియా, చైనాల్లో కూడా బయటపడింది. 2022లో పశ్చిమ బెంగాల్లోనూ నమోదైంది. రాణి ఈగల వ్యాపారం, పెట్టెల రవాణా, మైనం, ఓడల్లో వచ్చే సరుకు, ఇన్ని దారుల్లో ఇది ప్రయాణించగలదు.

పురుగు అదే అయినా ఒకచోట చిల్లర బెడదగా, మరోచోట గండంగా ఎందుకు మారింది? తేడా ప్రధానంగా ఈగల్లో ఉంది. ఆఫ్రికా ఈగలు పురుగును వెంటాడటంలో చురుకైనవి, గుడ్లను, చిన్న లార్వాలను వెతికి బయట పారేస్తాయి. పరిస్థితి చేయి దాటుతోందనుకుంటే ఇల్లు వదిలి మొత్తంగా ఎగిరిపోతాయి కూడా. యూరోపియన్ ఈగలు ఇవన్నీ చేస్తాయి కానీ అంత పట్టుదలగా కాదు. పైగా తేనె ఎక్కువ చేరేలా, పట్టు వదిలిపోకుండా తరతరాలుగా మనిషి ఎంచుకున్న ఈగలవి. ఎక్కువ తేనె, ఎక్కువ తుట్టె, కదలని కుటుంబం అంటే పురుగుకు అంతకన్నా కావాల్సింది లేదు.

కుట్టని ఈగల సంగతి చూస్తే ఈ పోలిక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని ఒక జాతి కుట్టని ఈగలు లోపలికి చొరబడిన పురుగు మీద బంక, మైనం, మట్టి కలిపి పూసి, బతికుండగానే దాన్ని కప్పేస్తాయి. కొద్ది నిమిషాల్లోనే పురుగు కదల్లేని ముద్దగా మారుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. దాని దగ్గరున్న విద్య వేరే.

జైలు, కాపలా, తాళం తీసే చెయ్యి

పెంకు పురుగును ఈగ కుట్టి చంపలేదు. ఈగ మీదికి రాగానే అది తలను, కాళ్లను పెంకు కిందికి ముడుచుకుని తాబేలులా అంటుకుపోతుంది. అందుకని ఈగలు దాన్ని పగుళ్లలోకి, మూలల్లోకి తరుముతాయి. అక్కడ చెట్ల నుంచి తెచ్చిన బంకతో చుట్టూ అడ్డుకట్టి, కాపలా ఈగలు వంతులు వేసుకుని నిలబడతాయి. ఈ కాపలా రెండు నెలల దాకా సాగడం పరిశోధకులు చూశారు.

మరి తిండి లేకుండా పురుగు అన్నాళ్లు ఎలా బతుకుతుంది? తన మీసాలతో కాపలా ఈగ మూతిని తడుముతుంది. ఆకలేసిన ఈగ మరో ఈగను అడిగే పద్ధతే అది. చాలాసార్లు కాపలా ఈగ విదిలించేస్తుంది, అప్పుడప్పుడు మోసపోయి నోట్లోని తేనె చుక్క అందిస్తుంది. జైలర్ చేతి తిండి తింటూ ఖైదీ రోజులు గడుపుతుందన్నమాట.

పెరటి పెంపకందారు పాత్ర మొదలయ్యేది ఇక్కడే. ఒకటి రెండు పెట్టెలున్నవాళ్లకు ఉత్సాహం ఎక్కువ, వారం వారం తెరిచి చూడాలనిపిస్తుంది. పనిముట్టుతో ఫ్రేమును కదిపి పైకి లాగిన ప్రతిసారీ బంక అడ్డుకట్టలు విరుగుతాయి, ఖైదీలు బయటపడతాయి. పొగ పట్టడంతో కాపలా ఈగలు చెదిరిపోయి ఉంటాయి. అవి మళ్లీ సర్దుకునేలోపు ఆడ పురుగు తుట్టె మీదికి చేరి గుడ్లు పెట్టేస్తుంది. ఒక్కో ఆడ పురుగు జీవితకాలంలో వెయ్యి నుంచి రెండు వేల గుడ్లు పెట్టగలదు కాబట్టి నాలుగు పురుగులు తప్పించుకున్నా చిన్న విషయం కాదు. పెట్టె తెరవొద్దని దీని అర్థం కాదు. కారణం ఉన్నప్పుడు తెరవడం, త్వరగా ముగించడం, పురుగులు ఎక్కువగా ఉన్న కాలంలో ఈ రెండూ ఏ ఉచ్చుకూ తీసిపోవు.

చోటు ఎక్కువైతే కాపలా పలచబడుతుంది

రెండు పెట్టెల మధ్య తేడాకు జవాబు చాలావరకు ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఫ్రేములన్నిటి మీదా రెండు వైపులా ఈగలు కమ్ముకుని ఉంటే పురుగుకు గుడ్లు పెట్టే సందు దొరకదు, పెట్టినా ఈగలు ఏరిపారేస్తాయి. ఐదు ఫ్రేములకు సరిపడా ఈగలున్న కుటుంబానికి పది ఫ్రేముల గది, దాని మీద తేనె గది కూడా ఇస్తే సగానికి పైగా తుట్టె కాపలా లేకుండా ఉంటుంది. పురుగుల సంఖ్య ఒకటే అయినా ఫలితం వేరు.

కుటుంబాన్ని విడదీసినప్పుడు ఇదే జరుగుతుంది. విడదీసిన పెట్టెలోని ముదురు ఈగలు పాత చోటికే తిరిగి వెళ్లిపోతాయి. కొత్త పెట్టెలో లేత ఈగలు కొన్ని, పిల్లలున్న తుట్టె, పుప్పొడి మిగులుతాయి. రాణి ఈగ లేకుండా పోయిన పెట్టె, గుంపు ఎగిరిపోయాక మిగిలిన పెట్టె, వరోవా పేను వల్ల ఈగలు తగ్గిన పెట్టె కూడా ఇదే దారిలో పడతాయి. పెంకు పురుగు కూల్చిందనుకునే పెట్టెల్లో కొన్నిటిని నిజానికి ముందుగా వరోవానో, రాణి లోపమో బలహీనపరిచి ఉంటుంది. పురుగు చివర్లో వచ్చి పేరు తెచ్చుకుంటుంది.

పుప్పొడి ముద్దల విషయంలోనూ పొరపాటు జరుగుతుంటుంది. ఈగల బలం పెంచడానికి పెట్టే ఈ ముద్ద పురుగుకు విందు భోజనమే. గుడ్డు పొదగడానికి సాధారణంగా 2 నుంచి 4 రోజులు పడుతుంది. ఈగలు అంతకన్నా ముందే తినేసేంత చిన్న ముక్క పెడితే ముప్పు తక్కువ. వారానికి సరిపడా పెద్ద ముద్ద ఒకేసారి పెడితే దాని కిందే లార్వాలు తయారవుతాయి.

తేనె ఎందుకు పులుస్తుంది

లార్వాలు పుప్పొడిని, ఈగ పిల్లల్ని, తేనెను తింటూ తుట్టెలో సొరంగాలు చేస్తాయి. అయితే అవి తిన్నదానికన్నా పాడుచేసేదే ఎక్కువ. పురుగుతో పాటు కొడామియా ఓమెరి అనే ఈస్ట్ కూడా వస్తుంది. అది తుట్టెలో పెరిగి తేనెను పులియబెడుతుంది. కుళ్లిన నారింజ లాంటి వాసన అప్పుడే వస్తుంది. ఈ ఈస్ట్ పుప్పొడి మీద పెరిగేటప్పుడు ఐసోపెంటైల్ ఎసిటేట్ అనే పదార్థం పుడుతుంది. ఈగలు ప్రమాదంలో ఉన్నప్పుడు ఒకదానికొకటి హెచ్చరికగా విడిచే వాసనలో ఉండేది కూడా అదే. పెంకు పురుగులు ఆ వాసన పట్టుకునే పెట్టెల్ని వెతుక్కుంటాయి. ఒక పెట్టె పులియడం మొదలైతే చుట్టుపక్కల పురుగులన్నిటికీ పిలుపు వెళ్లినట్టే. అప్పటిదాకా వారాల తరబడి మెల్లగా సాగిన వ్యవహారం తర్వాత కొన్ని రోజుల్లో ముగిసిపోవడానికి ఇదే కారణం. జిగట పట్టిన తుట్టెను ఈగలు ముట్టవు, చివరికి పెట్టె వదిలి వెళ్లిపోతాయి. ఆ తేనె మనుషులకూ పనికిరాదు, తిరిగి ఈగలకు పెట్టడానికీ పనికిరాదు.

నేల కింద ఏం జరుగుతుంది

బాగా తిన్న లార్వాలు, వెచ్చగా ఉంటే సుమారు 10 నుంచి 14 రోజులకు, చీకటి పడ్డాక పెట్టె గుమ్మం నుంచి బారులు తీరి బయటికి వస్తాయి. ఎక్కువ భాగం పెట్టెకు మీటరు దూరంలోపే, 10 సెంటీమీటర్ల లోతులోపే మట్టిలోకి దూరి ప్యూపాలుగా మారతాయి. మూడు నాలుగు వారాలకు పెద్ద పురుగులై పైకి లేస్తాయి. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. నేల వేడి 10 డిగ్రీల కన్నా తగ్గితే ఎదుగుదల ఆగిపోతుంది. అలాంటి చోట పెద్ద పురుగులు మాత్రం ఈగల గుంపు మధ్య వెచ్చదనంలో దూరి చలికాలం గట్టెక్కుతాయి.

నేల ఏ రకం అన్నదానికన్నా ఎంత తడిగా ఉందన్నదే ముఖ్యమని పరిశీలనల్లో తేలింది. పొడి మట్టిలో లార్వాలు చాలావరకు ప్యూపా కాలేవు. పెరటి పెట్టెకు ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని సాధారణంగా చెట్టు నీడలో, నీళ్లు పారే మొక్కల పక్కన పెడతారు. ఈగలకు బాగుంటుందనే ఉద్దేశంతోనే పెడతారు కానీ, మెత్తటి తడి నేల, నీడ, రెండూ పురుగుకు నర్సరీలా పనిచేస్తాయి. పెట్టెను ఎండ తగిలే చోటికి మార్చి, చుట్టూ మీటరు మేర తడి చేరకుండా, గడ్డి లేకుండా ఉంచితే ఖర్చు లేకుండానే కొంత దెబ్బ తగులుతుంది. పెట్టె కింద దళసరి పట్టానో, గట్టి గచ్చో ఉంటే లార్వాలు మట్టి వెతుక్కుంటూ ఇంకా దూరం పాకాలి. ఆ దారిలో చీమలకో, పక్షులకో చిక్కేవి కొన్ని ఉంటాయి. పూర్తిగా ఆగుతాయనుకోవద్దు, తిన్న లార్వా చాలా దూరం పాకగలదు.

మట్టిలోకి వదిలే నులిపురుగులు ఇంకో మార్గం. స్టైనర్‌నెమా, హెటెరోరాబ్డిటిస్ జాతుల నెమటోడ్లు లార్వాల్లోకి, ప్యూపాల్లోకి దూరి వాటిని చంపుతాయి, తేనెటీగల జోలికి రావు. ఇవి బతకాలంటే మాత్రం మట్టిలో తడి ఉండాలి. నేల పొడిగా ఉంచాలన్న సలహాకు ఇది పూర్తిగా ఎదురు. కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోవాలి. సహజంగానే తడి ఆరని చోటైతే నెమటోడ్లు, ఆరబెట్టగలిగే చోటైతే ఎండ.

ఉచ్చులు ఎంతవరకు

ఉచ్చులన్నీ పురుగుకున్న ఒకే అలవాటు మీద ఆధారపడతాయి. దానికి వెలుతురు పడదు, ఈగలు తరిమితే దగ్గర్లోని సన్నటి సందులోకి దూరుతుంది. ఆ సందు పురుగు పట్టేంత, ఈగ పట్టనంత ఉండాలి.

ఎక్కువగా వాడేది ఫ్రేముల మధ్య వేలాడే సన్నటి ప్లాస్టిక్ తొట్టి. సగం దాకా వంటనూనె పోసి, ఫ్రేముల పైకడ్డీల మధ్య దించి పెడతారు. ఈగలు తరిమిన పురుగు పైనున్న చీలికలోంచి దూరి నూనెలో పడి మునుగుతుంది. అంచున ఉన్న ఫ్రేముల పక్కన పెడితే ఎక్కువ పడతాయి, ఎందుకంటే ఈగలు వాటిని తరిమేది అటువైపే. చూడటానికి సులువు. కానీ తీసేటప్పుడు చెయ్యి వణికితే నూనె ఫ్రేము మీద ఒలికి ఈగల మీద పడుతుంది. నూనె తడిసిన ఈగ బతకదు. నిండుగా పోయకూడదనడానికి కారణం అదే. కొన్ని వారాలకు ఈగలు చీలికల్ని బంకతో మూసేస్తుంటాయి, అప్పుడు గీకి శుభ్రం చేయాలి.

రెండో రకంలో జల్లెడలాంటి జాలి ఉన్న అడుగు పలక, దాని కింద నూనె లేదా సబ్బునీళ్లున్న పళ్లెం ఉంటాయి. జాలి కన్ను సుమారు 3 మిల్లీమీటర్లు, అందులో ఈగ దూరలేదు. ఇది తొట్టికన్నా ఒక రకంగా మేలు. పెద్ద పురుగులతో పాటు నేలకు దిగబోయే లార్వాల్లో కొన్నిటిని కూడా పట్టగలదు. పెట్టె ఏమాత్రం వంగి ఉన్నా నూనె ఒకవైపు చేరి సగం పళ్లెం ఎండిపోతుంది కాబట్టి మట్టం చూసుకోక తప్పదు.

నూగు ఉన్న, వాసన లేని తుడుపు గుడ్డ ముక్కను పైకడ్డీల మూలన పెట్టడం చవకైన పద్ధతి. ఈగలు దాన్ని కొరికి పీచుపీచుగా చేస్తాయి, పురుగు కాళ్ల కొక్కేలు ఆ పీచులో చిక్కుకుంటాయి. ఒక్కోసారి ఈగలూ చిక్కుకుంటాయి. ఇక గొట్టాలు గొట్టాలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట ముక్కను అడుగు పలక మీద రెండు రోజులు ఉంచి, చటుక్కున లాగి సబ్బునీళ్లలోకి దులపడం పట్టుకోవడానికన్నా లెక్కపెట్టడానికి బాగా పనికొస్తుంది. పెట్టెను పూర్తిగా తెరవకుండానే పురుగులు పెరుగుతున్నాయో, తగ్గుతున్నాయో ఇలా తెలుసుకోవచ్చు.

వీటిలో ఏదీ తుట్టెలో ఉన్న గుడ్లను ముట్టదు. పైగా పెద్ద పురుగులు కిలోమీటర్ల కొద్దీ ఎగరగలవు, ఎక్కువగా సంధ్యవేళ కొత్త పెట్టెల్ని వెతుక్కుంటూ వస్తాయి. ఇవాళ ఉచ్చులో వంద పడ్డా రేపు వేరే చోటు నుంచి కొత్తవి చేరతాయి. బలమైన పెట్టెలో ఉచ్చు ఈగల భారం తగ్గిస్తుంది, బలహీనమైన పెట్టెలో కూలిపోయే రోజును కొంచెం వెనక్కి జరుపుతుంది.

మందులతో చిక్కు

పెంకు పురుగు, తేనెటీగ రెండూ కీటకాలే. ఒకదాన్ని చంపే మందు రెండోదాన్నీ చంపుతుంది. అందుకే అనుమతి ఉన్న మందులన్నీ ఈగకు తగలకుండా పురుగుకు మాత్రమే తగిలే ఏర్పాటు మీద నడుస్తాయి. అమెరికాలో కౌమాఫాస్ అనే పురుగుమందు పట్టీని గొట్టాల అట్ట కింద అంటించి అడుగున పెడతారు, తేనె గదులు ఉన్నప్పుడు వాడకూడదు. ఆస్ట్రేలియాలో ఫిప్రోనిల్ అనే మందు పట్టించిన అట్టను మూసిన ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, పురుగు మాత్రమే దూరగల చీలికలు వదులుతారు. ఫిప్రోనిల్ అతి కొద్ది మోతాదులోనే ఈగల్ని చంపుతుంది. ఇంట్లో వేరే పురుగుల కోసం అమ్మే జెల్ తెచ్చి సొంతంగా ఇలాంటి డబ్బీ చేసే ప్రయత్నాలు జరుగుతుంటాయి. చీలిక ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా, డబ్బీ పగిలినా కుటుంబం మొత్తం పోతుంది, తేనెలో, మైనంలో మందు మిగులుతుంది. పెర్మెత్రిన్ అనే పురుగుమందును నేల మీద పోయడం కూడా కొన్ని దేశాల్లో ఉంది. ఈగలు వాలే చోట, నీళ్లు తాగే చోట అది పడితే అంతే సంగతులు.

తేనె తీశాక ఎక్కువ నష్టం

పెట్టెలో ఈగల కాపలా ఉంటుంది. తీసి ఇంట్లో పెట్టిన ఫ్రేములకు అది కూడా ఉండదు. తీరిక దొరికినప్పుడు తేనె పిండుదామని ఫ్రేముల్ని గదిలో వారం రోజులు దొంతర పెడితే, తుట్టెలో అప్పటికే ఉన్న గుడ్లు పొదిగి లార్వాలు పని మొదలుపెడతాయి. తీసిన ఒకటి రెండు రోజుల్లో పిండేయడమే సురక్షితం. గదిలో గాలి తేమ 50 శాతం కన్నా తక్కువ ఉంటే గుడ్లు చాలావరకు ఎండిపోతాయి, తేమ తగ్గించే యంత్రం, ఫ్యాను ఇందుకు పనికొస్తాయి. ఖాళీ తుట్టెల్ని, వెంటనే పిండలేని ఫ్రేముల్ని మైనస్ 12 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా అన్నీ చస్తాయి. నిండు ఫ్రేము లోపలి దాకా చల్లబడటానికి ఆలస్యమవుతుంది కాబట్టి రెండు మూడు రోజులు ఉంచడం మేలు.

నిర్మూలన కుదురుతుందా

కొత్తగా ప్రవేశించినప్పుడు, అదీ వెంటనే కనిపెట్టినప్పుడు కుదిరిన సందర్భం ఉంది. 2004లో అమెరికా నుంచి పోర్చుగల్‌కు వచ్చిన రాణి ఈగల డబ్బాల్లో లార్వాలు కనిపించగానే వాటిని నాశనం చేశారు, పురుగు అక్కడ స్థిరపడలేదు. కలాబ్రియాలో పదేళ్ల తర్వాత కథ వేరేలా నడిచింది. పురుగున్న పెట్టెల్ని తగలబెట్టి, నేలకు మందు కొట్టి, రాకపోకల మీద ఆంక్షలు పెట్టినా తర్వాతి సంవత్సరాల్లోనూ అది బయటపడుతూనే వచ్చింది. అడవిలోని తేనెపట్లలో, పండ్ల మీద కూడా బతకగలిగే పురుగు ఒకసారి చుట్టుపక్కల వ్యాపించాక పెట్టెల్ని కాల్చినంత మాత్రాన పోదు. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న తెగులు కనుక, కొత్త ప్రాంతంలో కనిపిస్తే ముందుగా అధికారులకు తెలియజేయాల్సిందే.

అది ఇప్పటికే స్థిరపడిన చోట, కూలిపోయిన పెట్టెను ఏం చేస్తారన్నది చుట్టుపక్కల అందరికీ సంబంధించిన విషయం. జిగట పట్టిన పెట్టెను పెరటి మూలన వదిలేస్తే వందలాది లార్వాలు నేలకు దిగుతాయి, నెల తిరిగేసరికి ఆ పురుగులే పక్కవాళ్ల పెట్టెల్లో చేరతాయి. ఫ్రేముల్ని ఆ రోజే సంచుల్లో బిగించి ఫ్రీజర్లో పెట్టాలి, లేదంటే కాల్చేయాలి. చెక్క భాగాల్ని ఎక్కువ నీళ్లతో కడిగి, ఎండలో వాసన పోయేదాకా ఆరబెట్టాలి. కడిగిన నీళ్లలో లార్వాలు కొట్టుకుపోతుంటాయి. ఆ నీళ్లను మొక్కల పాదుల్లో పారబోస్తే లార్వాలు కోరుకున్న తడి మట్టి దొరికినట్టే, కాబట్టి ముందుగా సబ్బు కలిపిన బకెట్‌లోకి వడకట్టుకోవాలి.